చివరి రోమన్ కాలపు కంచు నాణేలు: బొరుసు వైపు నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లయింది. మీ అబ్బాయికి చరిత్ర ఇష్టమని ‘శుభ్రం చేయని రోమన్ నాణేలు’ ఇరవై ఉన్న ప్యాకెట్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నారు. అన్నీ మట్టి, చిలుము పట్టి ఉన్నాయి. వాటిలో మూడింటివి, నాణేల ఫెయిర్‌లో విడిగా కొన్న పల్చటి వెండి నాణెం ఒకదానివి ఫోటోలు పెట్టారు. ఇవి ఏ చక్రవర్తివి, అసలువేనా, చింతపండుతో తోమితే ఫరవాలేదా, ఎంత విలువ చేస్తాయి అని మీ ప్రశ్నలు. నేను పద్దెనిమిదేళ్లుగా నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలే సేకరిస్తున్నాను. వాటి గురించి మన భాషలో ఒకరు అడగడం ఇదే మొదటిసారి చూశాను, చాలా సంతోషం వేసింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చింతపండు సంగతి. దయచేసి వద్దు. వెనిగర్, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పొడి కూడా వద్దు. మన ఇంట్లో రాగి చెంబు మీద చిలుము పైపొర మాత్రమే. అది పోతే కింద మంచి లోహం ఉంటుంది. 1,700 ఏళ్లు మట్టిలో ఉన్న నాణెం అలా కాదు. దాని పైభాగంలో లోహమే మెల్లగా ఖనిజంగా మారిపోయి ఉంటుంది. అక్షరాల అంచులు, ముక్కు, జుట్టు, కిరీటంలోని ముత్యాలు, అన్నీ ఇప్పుడు ఆ పచ్చటి, గోధుమరంగు పొరలోనే ఉన్నాయి. పులుపు ఆ పొరను తినేస్తే బొమ్మ కూడా దాంతోపాటే పోతుంది. నేను కొన్న మొట్టమొదటి నాణెం కాన్‌స్టంటైన్ చక్రవర్తిది, బొరుసు మీద కోట గుమ్మం ఉన్న రకం. ఒక రాత్రి వెనిగర్‌లో వేసి పడుకున్నాను. పొద్దున తీసి చూస్తే గుంటలు పడిన గులాబీరంగు రేకు మిగిలింది. అన్ని శతాబ్దాలు మట్టి కాపాడిన అక్షరాలు నా చేతిలో ఒక్క రాత్రిలో పోయాయి. దాన్ని ఇప్పటికీ పెట్టెలో మొదటి గదిలోనే ఉంచాను.

చేయాల్సింది ఇది. నాణేలను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారాలు పట్టొచ్చు. మధ్యమధ్యలో తీసి, మెత్తటి బ్రష్‌తో, తడిపిన చెక్క టూత్‌పిక్‌తో మట్టిని మాత్రం కదపండి. భూతద్దం కింద పెట్టి చేస్తే ఎక్కడ మట్టి ఆగిందో, ఎక్కడ పొర మొదలైందో తెలుస్తుంది. రాత, బొమ్మ చదవగలిగే స్థాయికి వస్తే చాలు, ఆపేయండి. మెరిసేలా చేయాలనుకోకండి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఏదైనా నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి, ముట్టుకుంటే రాలేలా కనిపిస్తే దాన్ని వెంటనే వేరే డబ్బాలో పెట్టండి. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. లోహంలో చేరిన క్లోరైడ్లు గాలిలో తేమతో కలిసి కంచును లోపలి నుంచి తినేస్తాయి. ఇంగ్లండ్ వాతావరణంలో ఇది త్వరగా ముదురుతుంది. శుభ్రం చేసి బాగా ఆరబెట్టిన నాణేలను సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టడం మంచి అలవాటు.

ఇక గుర్తుపట్టడం. మొదలుపెట్టే వాళ్లందరూ ముఖం చూస్తారు. నేనూ అలాగే చేశాను, నెలల తరబడి ఏమీ తేలలేదు. మొదటి శతాబ్దపు నాణేల మీద నీరో లావు మెడ, వెస్పాసియన్ బట్టతల చూసి మనిషిని పోల్చుకోవచ్చు. నాలుగో శతాబ్దానికి వచ్చేసరికి అది సాధ్యం కాదు. చక్రవర్తి ఒక మనిషిగా కాక ఒక పదవిగా కనిపించాలన్నది అప్పటి పద్ధతి. పెద్ద కళ్లు, నిటారు మెడ, నున్నటి బుగ్గ. తండ్రికీ కొడుక్కీ తేడా ఉండదు. పైగా కాన్‌స్టంటైన్ కుటుంబంలో పేర్లు కూడా ఒకేలా మొదలవుతాయి: కాన్‌స్టాంటినుస్, కాన్‌స్టాంటియుస్, కాన్‌స్టాన్స్. అరిగిపోయిన నాణెం మీద ‘కాన్‌స్టాన్’ వరకే కనిపిస్తే ఎవరైనా కావచ్చు.

అందుకే బొరుసు వైపు నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో రాజ్యంలోని టంకశాలల్లో చాలావరకు ఒకే కాలంలో ఒకే కొన్ని బొమ్మలు కొట్టేవి. బ్రిటన్ నుంచి ఈజిప్టు దాకా అవే. ఒక్కో బొమ్మ కొన్ని సంవత్సరాలే నడిచేది, తర్వాత మారేది. కాబట్టి బొరుసు మీది బొమ్మ మీకు కాలం చెబుతుంది. బొమ్మ కింద గీత గీసి, దాని కింద ఉండే చిన్న అక్షరాలు ఊరు చెబుతాయి. ఈ రెండూ తెలిశాక ముఖం వైపు తిప్పితే, ఆ కాలంలో, ఆ ఊళ్లో ఎవరి పేరు మీద కొట్టారన్నది ఇద్దరు ముగ్గురి దగ్గరకు వచ్చి ఆగుతుంది. అప్పుడు రెండు మూడు అక్షరాలు కనిపించినా చాలు.

మీ మొదటి ఫోటో చూద్దాం. ఎదురెదురుగా ఇద్దరు సైనికులు, చేతుల్లో బల్లేలు, మధ్యలో జెండా కర్ర. చుట్టూ ఉన్న రాత ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’, అంటే సైన్యపు కీర్తి. ఈ కాలపు కంచులో అతి ఎక్కువగా దొరికేది ఇదే, అయినా నాకు దీనిమీద ఇష్టం తగ్గలేదు. మధ్యలో ఎన్ని జెండా కర్రలున్నాయో లెక్కపెట్టండి. రెండుంటే 330 నుంచి 335 మధ్యది. ఒకటే ఉంటే 335 తర్వాతది, 340 దాకా నడిచింది. ఆ మార్పుతోపాటే నాణెం కూడా చిన్నదైంది. సుమారు రెండున్నర గ్రాములుండేది ఒకటిన్నర గ్రాములకు పడిపోయింది. చిన్న బిళ్ల మీద రెండు జెండాలకు చోటు చాలదు కదా. మీ ఫోటోలో ఒక్కటే ఉంది. అంటే 335 తర్వాతది.

ఇప్పుడు ముఖం వైపు తిప్పండి. పేరు చివర ‘నోబ్ సి’ అని ఉంటే యువరాజు, అంటే సీజర్. ‘ఏ వి జి’ అని ఉంటే చక్రవర్తి, అంటే అగస్టస్. రోమన్లు యు అక్షరానికి కూడా వి ఆకారమే చెక్కేవారు, మొదట్లో ఇది అందరినీ తికమక పెడుతుంది. యువరాజుల తల మీద సాధారణంగా ఆకుల దండ ఉంటుంది. చక్రవర్తి తల మీద ముత్యాలో పువ్వులో పొదిగిన పట్టీ ఉంటుంది. కాన్‌స్టంటైన్ ఆ పట్టీ పెట్టుకోవడం మొదలుపెట్టింది 324లో రాజ్యమంతా తన చేతికి వచ్చాకే. మీ ఫోటోలో పేరు మధ్యలో ‘ఎల్ ఎమ్ ఏ టి’ అనే నాలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి, తల మీద ఆకుల దండ ఉంది. నా చదువు సరైతే మీ దగ్గరున్నది డెల్మాటియుస్. కాన్‌స్టంటైన్ తమ్ముడి కొడుకు. 335లో సీజర్ అయ్యాడు. 337లో కాన్‌స్టంటైన్ చనిపోయాక కొన్ని నెలల్లోనే సైనికులు ఇతన్నీ, ఇంకొందరు బంధువులనూ చంపేశారు. ఇతని నాణేలు కొట్టింది ఆ రెండేళ్లే. చూడటానికి మిగతావాటిలాగే ఉంటుంది కాబట్టి ఇలాంటి ప్యాకెట్లలో ఎవరి కంటా పడకుండా వచ్చేస్తుంది. మీ అబ్బాయికి ముందు ఈ కథ చెప్పండి.

రెండోది తేలిక. హెల్మెట్ పెట్టుకున్న స్త్రీ ముఖం ఎడమవైపు చూస్తోంది, బొరుసు మీద తోడేలు ఇద్దరు పిల్లలకు పాలిస్తోంది, పైన రెండు నక్షత్రాలు. ‘ఉర్బ్స్ రోమా’ అని రాసి ఉంటుంది, అంటే రోమ్ నగరం. ఆ పిల్లలు రోములుస్, రెముస్. దీనిమీద చక్రవర్తి పేరు అసలు ఉండదు, వెతకకండి. 330 మే 11న కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను ప్రారంభించాడు. పాత రాజధానికి ఈ నాణెం, కొత్తదానికి దీని జంట నాణెం వేశారు. జంటదాని మీద ఓడ ముందుభాగంలో కాలు మోపిన విజయదేవత ఉంటుంది. మీ ప్యాకెట్‌లో మిగిలిన వాటిలో అది కూడా ఉండే అవకాశం ఎక్కువ, వెతకండి.

దీని అడుగున ‘పి కాన్‌స్ట్’ అని స్పష్టంగా ఉంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. అది కాన్‌స్టాంటినోపుల్ కాదు. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఆర్ల్ పట్టణం. కాన్‌స్టంటైన్ ఆ ఊరికి తన కుటుంబం పేరు పెట్టి కాన్‌స్టాంటీనా అన్నాడు. ఈ కాలపు నాణేలకు తేడా చెప్పే సులువు ఒకటుంది. ఆర్ల్‌లో, టంకశాలలోని ఏ వర్క్‌షాప్ కొట్టిందో చెప్పే అక్షరం ఊరి పేరుకు ముందు వస్తుంది. అది పి లేదా ఎస్, అంటే లాటిన్‌లో మొదటిది, రెండోది. కాన్‌స్టాంటినోపుల్‌లో ‘కాన్స్’ తర్వాత ఆల్ఫా, బీటా, గామా లాంటి గ్రీకు అక్షరం వస్తుంది. తూర్పున గ్రీకు లెక్క, పడమర లాటిన్ లెక్క. ఈ ఒక్క సూత్రంతో చాలా నాణేలు పడతాయి. మిగతా ఊళ్ల గుర్తులు చూస్తూ చూస్తూ అలవాటవుతాయి. ‘టి ఆర్’ ట్రియర్, ‘ఎస్ ఐ ఎస్’ ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్, ‘ఎస్ ఎమ్ టి ఎస్’ థెస్సలోనికి, ‘ఎస్ ఎమ్ ఎన్’ నికొమీడియా, ‘ఎస్ ఎమ్ కె’ సిజికుస్, ‘ఎస్ ఎమ్ ఏ ఎన్’ అంతియోక్, ‘ఏ ఎల్ ఈ’ అలెగ్జాండ్రియా. ముందు వచ్చే ‘ఎస్ ఎమ్’ అంటే సాక్రా మొనేటా, పవిత్ర టంకశాల. ఎప్పుడైనా ‘పి ఎల్ ఓ ఎన్’ లేదా ‘పి ఎల్ ఎన్’ కనిపిస్తే అది లండన్. ఆ టంకశాల 325 ప్రాంతంలో మూతపడింది. కాన్‌స్టంటైన్‌ను సైన్యం మొదట చక్రవర్తిగా ప్రకటించింది ఈ దేశంలోనే, 306లో యార్క్‌లో. కాబట్టి ఇక్కడ పెరుగుతున్న పిల్లవాడికి లండన్ నాణెం ఒకటి కొనిపెట్టడం నా దృష్టిలో చాలా మంచి బహుమతి.

మూడోదానితో నాకు కొంచెం పని పడింది. సైనికుడు గుర్రం మీంచి పడిపోతున్న శత్రువును బల్లెంతో పొడుస్తున్నాడు. రాత ‘ఫెల్ టెంప్ రెపరాటియో’, మంచి రోజులు తిరిగొచ్చాయి అని. ఇది 348లో మొదలైంది. రోమ్ పుట్టి 1,100 ఏళ్లు నిండింది కూడా ఆ సమయానికే. మొదట్లో ఇదే రాతతో బొమ్మలు చాలా ఉండేవి: గోళం మీద నిలబడ్డ ఫీనిక్స్ పక్షి, పడవలో నిలబడ్డ చక్రవర్తి, చెట్టు కింది గుడిసెలోంచి ఒకణ్ణి బయటికి తీసుకొస్తున్న సైనికుడు. మెల్లగా అవన్నీ పోయి, ఈ గుర్రపువాడి బొమ్మ ఒక్కటే మిగిలింది. అదీ ఏటేటా చిన్నదైపోయింది. మీది మరీ చిన్నగా ఉంది, పక్కన పెట్టిన ఒక పెన్నీ కంటే బాగా చిన్నది. సైనికుడి కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, అక్షరాల చోట గీతలే తప్ప అక్షరాలు లేవు. ఇది టంకశాలలో కొట్టినది కాదని నా అంచనా.

టెన్షన్ పడకండి, ఇది మన కాలంలో చేసిన నకిలీ కాదు. 350ల్లో బ్రిటన్‌కు, గాల్‌కు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) చిల్లర సరిగా అందలేదు. మాగ్నెంటియుస్ అనే సేనాని 350లో తిరుగుబాటు చేసి పడమటి రాజ్యం ఆక్రమించాడు. 353లో అతను ఓడిపోయాక అతని డబ్బుకు కాలం చెల్లింది. కొత్త చిల్లర చాలినంత రాలేదు. రోజువారీ కొనుగోళ్లకు జనం తమ ఊళ్లలోనే ఇలాంటి చిన్న బిళ్లలు కొట్టుకున్నారు. చదువురాని చేతులు చూసి చెక్కినవి కాబట్టి రాత గీతలైపోయింది. ఇంగ్లండ్ పొలాల్లో ఇవి లెక్కలేనన్ని దొరుకుతాయి. అందంగా కొట్టిన అసలు నాణేల కంటే ఇవే నాకు ఆ మనుషుల్ని దగ్గరగా చూపిస్తాయి. రొట్టెకో ఉల్లిపాయకో చిల్లర లేక ఒక ఊరు ఊరంతా ఎలా సర్దుకుందో ఈ బిళ్లలో తెలుస్తుంది. ఇది ప్యాకెట్‌లో విలువ తక్కువదిగా లెక్కలోకి వస్తుంది. నేనైతే దాన్ని పక్కన పెట్టను.

మిగిలిన పదిహేడింటికి ఇంకో మూడు గుర్తులు చెబుతాను. చక్రవర్తి ఒక బందీని జుట్టు పట్టి ఈడ్చుకెళ్తుంటే, లేదా రెక్కల దేవత దండ పట్టుకుని ఎడమవైపు నడుస్తుంటే, అది 364 తర్వాతది, వాలెంటీనియన్, వాలెన్స్, గ్రాటియన్ల కాలం. మరీ చిన్న బిళ్ల మీద అదే రెక్కల దేవత బందీని ఈడుస్తుంటే 388 తర్వాతది, థియొడోసియుస్, అతని కొడుకుల కాలం. బొరుసు మీద ఆకుల దండలో ‘వోట్’ అని, అంకెలు ఉంటే అవి పాలనలో ఇన్నేళ్లు గడిచినందుకు తీర్చిన మొక్కులు. ఆ అంకెల ఆధారంగా కాలాన్ని చాలా దగ్గరగా పట్టుకోవచ్చు. సరిచూసుకోవడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ‘ఓక్రే’ అనే ఉచిత ఆన్‌లైన్ జాబితా ఉంది. అందులో చక్రవర్తి, టంకశాల, రాత ఇచ్చి వెతకొచ్చు.

అసలువేనా అన్నదానికి: ఫోటోలో నాకు అనుమానించాల్సింది ఏమీ కనబడలేదు. ఇంత మామూలు కంచు నాణేలకు ఎవరూ పెద్దగా నకిలీలు చేయరు, గిట్టుబాటు కాదు. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, పైన సూదిమొనల్లాంటి బుడగ గుంటలుంటాయి, అక్షరాలు సబ్బు ముక్క మీద చెక్కినట్టు మెత్తగా ఉంటాయి. ఇవి వెండి, బంగారం కొనేటప్పుడు గుర్తుంచుకోండి. విలువ కూడా అంతే, మామూలువి ఒక్కోటి కొన్ని పౌండ్లే. డెల్మాటియుస్‌కు మాత్రం వాటికంటే ఎక్కువ వస్తుంది.

నాలుగోది, ఆ పల్చటి వెండి నాణెం, పూర్తిగా వేరే కాలానిది. ఇంగ్లండ్ పెన్నీ. బొరుసు మీద రెండు గీతల శిలువ ఉంది, దాని చేతులు రాత ఉన్న వలయాన్ని తాకకుండా లోపలే ఆగాయి. ఒక్కో మూలలో నాలుగేసి చుక్కలున్నాయి. దీన్ని షార్ట్ క్రాస్ అంటారు, 1180 నుంచి 1247 దాకా నడిచింది. ముందువైపు ‘హెన్రికుస్ రెక్స్’ అని ఉంది కదా అని హెన్రీ రాజుది అనుకోకండి. మొదలుపెట్టింది రెండో హెన్రీ. ఆయన తర్వాత రిచర్డ్, జాన్ రాజులైనా ఆ పేరు మార్చలేదు, మూడో హెన్రీ దాకా అదే సాగింది. కాబట్టి రిచర్డ్ కాలపు నాణెం మీద కూడా హెన్రీ అనే ఉంటుంది. ఇక్కడ కూడా ముఖం, పేరు సాయం చేయవు. చూడాల్సింది మళ్లీ బొరుసే. ‘ఆన్’ అనే మాటకు ముందున్నది నాణెం కొట్టించిన అధికారి పేరు, తర్వాతది ఊరు. మీదాంట్లో ‘ఆన్ కాన్’ అని చదవగలుగుతున్నాను, అంటే కాంటర్‌బరీ. అధికారి పేరు సరిగా పడలేదు. అది తెలిస్తే, రాజు జుట్టు ఉంగరాలు ఎలా చెక్కారో కూడా చూసి, ఏ దశాబ్దానిదో చెప్పొచ్చు. జనం అంచులు కత్తిరించి వెండి దాచుకుంటున్నారని 1247లో శిలువ చేతులను అంచు దాకా పొడిగించారు. 1279లో మొదటి ఎడ్వర్డ్ అధికారుల పేర్లు తీసేసి ఊరి పేరు మాత్రం పెట్టించాడు.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఇలాంటి ప్యాకెట్ ఇంకోటి కొనొద్దని నా మనవి. అందులోని నాణేలు చాలావరకు బాల్కన్ దేశాల పొలాల్లోంచి ఎవరు తవ్వారో, ఎక్కడ తవ్వారో తెలియకుండా వస్తాయి. ఎక్కడ దొరికిందన్నది పోతే నాణెం చెప్పగలిగే దాంట్లో సగం పోయినట్టే. 2010లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు మెటల్ డిటెక్టర్‌తో ఒక కుండ తగిలింది. మన లంకెబిందెల కథల్లోలాంటిదే. ఆయన దాన్ని తనే బయటికి లాగకుండా, కొన్ని నాణేలు కనబడగానే ఆపి పురావస్తు శాఖవాళ్లను పిలిచాడు. వాళ్లు పొరలు పొరలుగా తీశారు. లెక్క తేలింది 52,503 నాణేలు. వాటిలో ఆఖరి కాలపువైన, బ్రిటన్‌ను ఏలిన కరౌసియుస్ నాణేలు పైన కాకుండా కుండలో బాగా కిందికి ఉండటం చూసి, ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ము కాదు, ఒకేసారి పోసి పాతిపెట్టారని నిపుణులు అంచనా వేశారు. ఆయన తొందరపడి తవ్వేసి ఉంటే మనకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ నాణేలు ఇప్పుడు టాంటన్‌లోని మ్యూజియం ఆఫ్ సోమర్‌సెట్‌లో ఉన్నాయి. సెలవుల్లో మీ అబ్బాయిని తీసుకెళ్లండి. కొనాలనిపిస్తే ఎక్కడిదో కాగితం ఇవ్వగలిగే డీలర్ దగ్గర ఒక్కటి కొనండి, ఇరవై వద్దు.

మీ అబ్బాయి ఎప్పుడైనా డిటెక్టర్ పట్టుకుంటే పొలం యజమాని అనుమతి తప్పనిసరి. దొరికినవాటిని బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేయించండి, ప్రతి ప్రాంతానికీ ఒక అధికారి ఉంటారు. 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండు దొరికినా, కంచువి పది దొరికినా 14 రోజుల్లో తెలియజేయాలి. ఇండియాలో దొరికినవాటికి చట్టం వేరు. వందేళ్లు దాటిన నాణేలను దేశం నుంచి బయటికి తేవడం 1972 చట్టం ప్రకారం నేరం. తాతగారి పెట్టెలో ఉన్నా అంతే. మన నేల మీద కూడా రోమన్ నాణేలు దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,500కు పైగా వెండివి బయటపడ్డాయి. అవి మొదటి ఇద్దరు చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల కాలంవి, మీ ప్యాకెట్ కంటే మూడు శతాబ్దాలు పాతవి. మీ దగ్గరున్నలాంటి చిన్న కంచు నాణేలు ఇంకా దక్షిణాన, మదురై, కరూర్ ప్రాంతాల్లో, శ్రీలంకలో దొరికాయి.

డెల్మాటియుస్ అని నేను చెప్పింది ఒక్క ఫోటో చూసి చెప్పిందే కాబట్టి దాన్ని ఖాయం చేసుకుందాం. కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి వాలుగా పడేలా పెట్టి రెండు వైపులా మళ్లీ ఫోటో తీయండి, ఫ్లాష్ వద్దు. వంటింటి స్కేల్ చాలదు, గ్రాములో వందో వంతు చూపించే చిన్న స్కేల్ మీద బరువు చూడండి, వ్యాసం మిల్లీమీటర్లలో రాయండి. అడుగున ఉన్న అక్షరాల మీద ఇంకా మట్టి ఉంది. ఆ గీత కింద మాత్రం మరో వారం నానబెట్టి టూత్‌పిక్‌తో మెల్లగా కదిపితే ఊరి పేరు బయటికి వస్తుంది. ఫోటో పెట్టండి, ఏ టంకశాలదో చూసి చెబుతాను.